ఆర్టికల్ 72 ఒక్కటే చదివితే మార్కులు రావు: క్షమాభిక్ష టాపిక్ ప్రిపరేషన్

గ్రూప్-1 ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ మిత్రులంతా అడిగేది ఒకటే: పాలిటీకి ఏం చదివారు, ఎలా చదివారు? పాలిటీ మొత్తం గురించి రాయబోతే అందరూ రాసిందే నేనూ రాస్తాను. బేర్ యాక్ట్ చదవండి, పాత పేపర్లు చూడండి, రివిజన్ చేయండి. అవన్నీ మీకు తెలిసినవే. అందుకని ఒక్క టాపిక్ పట్టుకుని, దాన్ని అడుగంటా ఎలా చదవాలో చెబుతాను. రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారం, అంటే రాజ్యాంగంలోని ఆర్టికల్ 72. చిన్న టాపిక్ కదా అని అందరం ఒక పేజీలో తేల్చేస్తాం. ఐదు పదాలు, ఐదు నిర్వచనాలు, కింద గవర్నర్‌తో రెండు తేడాలు. ఆ పేజీ పదివేల మంది దగ్గర ఉంటుంది. పదివేల మంది రాసే జవాబుకు ఎగ్జామినర్ ఎంత వేస్తాడో ఆలోచించుకోండి.

ముందు ఆ ఐదు పదాల సంగతి త్వరగా ముగిద్దాం. పార్డన్ ఇస్తే శిక్షతో పాటు దోషిత్వం కూడా పోతుంది, దానివల్ల వచ్చిన అనర్హతలూ పోతాయి. కమ్యుటేషన్‌లో శిక్ష రకం మారుతుంది: మరణశిక్ష యావజ్జీవం అవుతుంది, కఠిన కారాగారం సాధారణ కారాగారం అవుతుంది. రెమిషన్‌లో రకం అదే, కాలం తగ్గుతుంది. రెస్పైట్ అంటే దోషి గర్భవతి కావడం, అంగవైకల్యం లాంటి ప్రత్యేక పరిస్థితిని బట్టి తక్కువ శిక్ష వేయడం. రిప్రీవ్ అంటే శిక్ష అమలును, ముఖ్యంగా ఉరిని, తాత్కాలికంగా ఆపడం. ఇంతవరకూ అందరికీ వచ్చు.

అందరూ వదిలేసేది రెమిషన్ తర్వాత ఏం మిగులుతుందన్నది. 1961లో శరత్ చంద్ర రాభా కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. అస్సాంలో ఒకాయనకు మూడేళ్ల శిక్ష పడింది, ప్రభుత్వం రెమిషన్ ఇస్తే రెండేళ్లు నిండకుండానే బయటికొచ్చాడు. ఎన్నికల్లో నామినేషన్ వేస్తే తిరస్కరించారు. నేను జైల్లో ఉన్నది రెండేళ్లలోపే కదా అన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. అప్పీలు కోర్టు శిక్ష తగ్గిస్తే తీర్పే మారుతుంది. ప్రభుత్వం రెమిషన్ ఇస్తే తీర్పు అలాగే ఉంటుంది, అమలు మాత్రమే తగ్గుతుంది. కాబట్టి అనర్హత లెక్కకు మూడేళ్ల శిక్షే ప్రమాణం. ‘పార్డన్‌కీ రెమిషన్‌కీ తేడా రాయండి’ అని వస్తే, ఈ కేసు రెండు వాక్యాల్లో రాసినవాడి జవాబు మిగతావాళ్ల జవాబు పక్కన వేరుగా కనబడుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 (శిక్ష పడినవాళ్ల అనర్హత) మీద ప్రశ్న వచ్చినా ఇదే పనికొస్తుంది.

ఇక అసలు విషయం. ఈ టాపిక్ మొత్తంలో తాళంచెవి లాంటిది ఆర్టికల్ 72(1)(బి). దీన్ని పట్టుకోనంత కాలం మిగతావన్నీ విడివిడి పాయింట్లుగానే ఉంటాయి. ఇది పట్టుబడిన రోజు గవర్నర్, పేరరివాళన్, సీబీఐ కేసులు, రాష్ట్ర ప్రభుత్వ జీవోలు అన్నీ ఒకే దారం మీదికి వస్తాయి.

72(1)లో మూడు క్లాజులు. (ఎ) కోర్టు మార్షల్ విధించిన శిక్షలు. (సి) మరణశిక్ష పడిన అన్ని కేసులు. ఈ రెండింటిలో తికమక లేదు. (బి)ని మాత్రం నోట్సుల్లో సాధారణంగా ‘కేంద్ర చట్టాల కింద నేరాలు’ అని రాసేస్తారు. అది తప్పు. రాజ్యాంగం అన్నది కేంద్ర కార్యనిర్వాహక అధికారం విస్తరించే విషయానికి సంబంధించిన చట్టం అని. చట్టం ఎవరు చేశారన్నది ప్రశ్న కాదు, ఆ విషయం మీద కార్యనిర్వాహక అధికారం ఎవరిదన్నది ప్రశ్న. అది తెలియాలంటే ఆర్టికల్ 73 తెరవాలి. అక్కడి ప్రొవైజో (మినహాయింపు నిబంధన) ప్రకారం ఉమ్మడి జాబితా విషయాల్లో, రాజ్యాంగమో పార్లమెంటు చట్టమో స్పష్టంగా చెబితే తప్ప, కార్యనిర్వాహక అధికారం రాష్ట్రానిదే. క్రిమినల్ లా ఉమ్మడి జాబితాలో మొదటి ఎంట్రీ. కాబట్టి హత్య శిక్షాస్మృతిలో ఉన్నా, శిక్షాస్మృతి కేంద్ర చట్టమే అయినా, యావజ్జీవం పడిన హంతకుడి విషయంలో అధికారం గవర్నర్‌ది, అంటే రాష్ట్ర మంత్రిమండలిది.

ఇక్కడితో ఆగితే సగమే. అదే శిక్షాస్మృతిలో దొంగ నోట్ల సెక్షన్లు కూడా ఉన్నాయి: పాత ఐపీసీలో 489ఎ నుంచి 489డి వరకు. కరెన్సీ కేంద్ర జాబితా విషయం. 1974లో రిపోర్టయిన రాజమండ్రి సెంట్రల్ జైలు కేసులో, అంటే జి.వి. రామనయ్య కేసులో, సుప్రీంకోర్టు ఈ తేడానే చూపించింది. ఆ సెక్షన్ల కింద శిక్ష పడినవాళ్లకు రెమిషన్ ఇవ్వాల్సింది రాష్ట్రం కాదు, కేంద్రమని చెప్పింది. ఒకే పుస్తకం, ఒకే బైండింగు. అందులో హత్య సెక్షన్ రాష్ట్రానిది, దొంగ నోట్ల సెక్షన్ కేంద్రానిది. ఈ జంట ఉదాహరణను మించి 72(1)(బి)ని వివరించే దారి నాకు కనబడలేదు. పైగా మన రాజమండ్రి పేరున్న కేసు, మర్చిపోవడం కష్టం.

ఇప్పుడు పేరరివాళన్ కేసు చదవండి, కథలా అర్థమవుతుంది. రాజీవ్ గాంధీ హత్య కేసు. 2014 ఫిబ్రవరిలో పేరరివాళన్ సహా ముగ్గురి మరణశిక్షను జాప్యం కారణంగా సుప్రీంకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2015 డిసెంబరులో పేరరివాళన్ ఆర్టికల్ 161 (గవర్నర్ క్షమాభిక్ష అధికారం) కింద గవర్నర్‌కు అర్జీ పెట్టుకున్నాడు. 2018 సెప్టెంబరు 9న తమిళనాడు మంత్రిమండలి విడుదలకు సిఫార్సు చేసింది. గవర్నర్ రెండేళ్లకు పైగా ఏమీ తేల్చకుండా 2021 జనవరిలో ఫైలు రాష్ట్రపతికి పంపారు. కేంద్రం వాదన: ఐపీసీ 302 (హత్య) విషయంలో అధికారం రాష్ట్రపతిదే. 2022 మే 18న తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. 302 మీద కేంద్రానికి కార్యనిర్వాహక అధికారం ఇస్తూ రాజ్యాంగంలో గానీ పార్లమెంటు చట్టంలో గానీ స్పష్టమైన మాట లేదు కాబట్టి 73 ప్రొవైజో ప్రకారం అది రాష్ట్రానిదే. మంత్రిమండలి సలహాకు గవర్నర్ కట్టుబడాలి, ఆ ఫైలును రాష్ట్రపతికి పంపడానికి రాజ్యాంగంలో ఆధారం లేదు. చివరికి ఆర్టికల్ 142 (సంపూర్ణ న్యాయం కోసం ఉత్తర్వులిచ్చే సుప్రీంకోర్టు అధికారం) వాడి కోర్టే విడుదల చేసింది. చాలా నోట్సుల్లో ఈ కేసు పక్కన ‘ఆర్టికల్ 142’ అని మాత్రమే ఉంటుంది. 142 ఆ కేసు ముగింపు, 73 దాని గుండె. జవాబులో 73 అనే అంకె కనబడితే రాసినవాడు తీర్పు సారం చదివాడని తెలిసిపోతుంది.

దీనికి అనుబంధంగా సీబీఐ దర్యాప్తు చేసిన కేసులు. వీటిలో రాష్ట్రం చట్టం కింద శిక్ష తగ్గించాలంటే కేంద్రాన్ని ‘సంప్రదించాలి’ అని సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 435 అనేది. 2015 డిసెంబరులో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ సంప్రదింపును సమ్మతిగానే చదవాలని చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 477లో సమ్మతి అనే మాటే పెట్టారు. అయితే ఇది చట్టబద్ధమైన అధికారానికి సంబంధించిన షరతు, 161కి కాదు.

ఈ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. శిక్ష తగ్గించే అధికారం రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి రాజ్యాంగం: 72, 161. రెండోది చట్టం: ఒకప్పుడు సీఆర్‌పీసీ 432, 433, 433ఎ, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 473, 474, 475. ఈ రెంటినీ కలిపేసి రాయడం దాదాపు ప్రతి మాక్ టెస్ట్ పేపర్లోనూ కనిపించే లోపం. 475లో ఒక కట్టు ఉంది: మరణశిక్షకు అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడినా, మరణశిక్ష యావజ్జీవంగా మారినా, 14 ఏళ్లు జైల్లో గడిపితేనే విడుదల. 1980లో మారూ రామ్ కేసులో ఈ 14 ఏళ్ల నియమాన్ని (అప్పటి 433ఎ) సుప్రీంకోర్టు సమర్థిస్తూనే, అది రాజ్యాంగం ఇచ్చిన 72, 161 అధికారాలను తాకదని చెప్పింది. స్వాతంత్ర్య దినానికో గణతంత్ర దినానికో యావజ్జీవ ఖైదీల విడుదల జీవోలు వస్తాయి కదా, వాటిని ఒకసారి తీసి చూడండి. ఆర్టికల్ 161 ప్రస్తావన కనిపిస్తుంది. 14 ఏళ్లు నిండనివాళ్లను కూడా విడుదల చేయాలంటే రాష్ట్రానికి ఉన్న దారి అదే. వార్తాపత్రికలో ‘ప్రభుత్వం ఖైదీలను విడుదల చేసింది’ అని చదివి పక్కన పెట్టేసే వార్త ఇది. ఏ ఆర్టికల్ కింద చేసిందని అడిగే అలవాటు ఉంటే అదే కరెంట్ అఫైర్స్, అదే పాలిటీ.

కమ్యుటేషన్ కొలతలు కూడా మారాయి, పాత నోట్సుతో వెళ్లకండి. బీఎన్ఎస్ఎస్ 474 ప్రకారం మరణశిక్షను యావజ్జీవంగా మార్చవచ్చు. పాత చట్టంలో ‘మరే శిక్షగానైనా’ అని ఉండేది. యావజ్జీవాన్ని ఏడేళ్లకు తగ్గని జైలుగా మార్చవచ్చు. పాత చట్టంలో 14 ఏళ్లు మించని జైలు లేదా జరిమానా అని ఉండేది. ఏడేళ్లు, ఆపై శిక్షను మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లలోపు శిక్షను జరిమానాగా మార్చవచ్చు.

మరణశిక్ష విషయంలో గవర్నర్ ఏం చేయగలడు? ప్రిలిమ్స్‌లో ఇది పాము. సంప్రదాయంగా చెప్పే జవాబు: నిలుపుదల చేయగలడు, తగ్గించగలడు, మార్చగలడు, పూర్తి క్షమాభిక్ష మాత్రం రాష్ట్రపతే ఇవ్వగలడు. దీనికి ఆధారం 72(1)(సి), 72(3). కానీ 2021 ఆగస్టులో హర్యానా ప్రభుత్వం, రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 14 ఏళ్లు నిండకముందే గవర్నర్ క్షమాభిక్ష ఇవ్వవచ్చంటూ, ఆ అధికారాన్ని మరణశిక్ష ఖైదీలకు కూడా వర్తింపజేస్తూ చెప్పింది. మరి పరీక్షలో ఏం చేయాలి? నా అభిప్రాయం: ఆబ్జెక్టివ్ ప్రశ్నలో 2021 తీర్పు ప్రస్తావన లేకపోతే సంప్రదాయ జవాబే పెట్టండి, కీ దాన్నిబట్టే తయారవుతుంది. మెయిన్స్‌లో రెండూ రాయండి. కోర్టు మార్షల్ విషయంలో మాత్రం గవర్నర్‌కు ఏ పాత్రా లేదు, అక్కడ సందేహం వద్దు.

ఎవరి సలహా మీద అన్నది మూడు వాక్యాల పని. రాష్ట్రపతి ఆర్టికల్ 74 ప్రకారం కేంద్ర మంత్రిమండలి సలహా మీద, ఆచరణలో హోం శాఖ సిఫార్సు మీద నడుచుకుంటారు. 44వ సవరణ వల్ల ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, మళ్లీ అదే సలహా వస్తే పాటించాలి. సలహా ఇన్ని రోజుల్లో పాటించాలని 74లో గడువు లేదు కాబట్టి పూర్వం ఎన్నో అర్జీలు ఏళ్ల తరబడి పెండింగులో పడి ఉండేవి. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన అధికారం అయిపోదని కూడా గుర్తుంచుకోండి. 1993లో 23 మంది ప్రయాణికులు సజీవ దహనమైన చిలకలూరిపేట బస్సు కేసులో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. శంకర్ దయాళ్ శర్మ రాష్ట్రపతిగా ఉండగా అర్జీ తిరస్కరణకు గురైంది. కె.ఆర్. నారాయణన్ హయాంలో 1998లో అదే శిక్ష యావజ్జీవంగా మారింది. మన ఎగ్జామినర్‌కు చిలకలూరిపేట అని రాస్తే వివరించక్కర్లేదు.

న్యాయసమీక్ష భాగం ఎంత రాసినా తక్కువే. ఇక్కడ కేసులు ఏడెనిమిది ఉన్నాయి, వరుస పెట్టి బట్టీ పడితే పరీక్ష హాల్లో కలగాపులగం అవుతాయి. ఒక దారి చెబుతాను: ఈ కథ తెలుగునేల మీద మొదలై తెలుగునేల మీదే పాకాన పడింది.

మొదలు 1975. ఆదిలాబాద్ జిల్లా రైతు ఉద్యమకారులు కిష్టాగౌడ్, భూమయ్య. రాష్ట్రపతి అర్జీ తిరస్కరించాక వాళ్ల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు. క్షమాభిక్ష కార్యనిర్వాహక వర్గం విచక్షణ, అందులో కోర్టు తలదూర్చదు అన్నారు. అయితే అధికారాన్ని పూర్తిగా దురుద్దేశంతో వాడిన సందర్భం వస్తే కోర్టు చేతులు కట్టుకు కూర్చోదన్న సూచన కూడా అందులోనే ఉంది. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న ఇద్దరినీ ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. తలుపు మూసి ఉన్నా గడియ పడలేదన్నమాట. 1980లో మారూ రామ్ కేసులో అదే న్యాయమూర్తి, ముఖ్యమంత్రి తన పుట్టినరోజనో కొడుకు పుట్టాడనో జైళ్లు ఖాళీ చేయిస్తే దాన్ని నిలబడనివ్వడం రాజ్యాంగానికే అపచారమన్నారు.

1988లో కేహర్ సింగ్ కేసు, ఇందిరా గాంధీ హత్యకు సంబంధించింది. ఈ కేసును ‘న్యాయసమీక్ష పరిమితం’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు. అందులో అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. సుప్రీంకోర్టు అంతిమంగా తేల్చిన కేసు మంచిచెడ్డల్లోకి తాను వెళ్లలేనన్న అభిప్రాయంతో రాష్ట్రపతి అర్జీ తిరస్కరించారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అలా కాదు, వెళ్లవచ్చు అంది. రాష్ట్రపతి సాక్ష్యాన్ని తిరిగి పరిశీలించి కోర్టుకు భిన్నమైన అభిప్రాయానికి రావచ్చు. దానివల్ల కోర్టు తీర్పు మారినట్టు కాదు, ఎందుకంటే రాష్ట్రపతి కోర్టు మీద అప్పీలు వినడం లేదు, వేరే తలంలో పనిచేస్తున్నారు. అర్జీదారుకు స్వయంగా విన్నవించుకునే హక్కు లేదు. మార్గదర్శకాలు విధించాల్సిన అవసరం లేదు. ఈ నాలుగు పాయింట్లు విడివిడిగా స్టేట్‌మెంట్ ప్రశ్నలుగా మారతాయి. ‘రాష్ట్రపతి సాక్ష్యాధారాలను పరిశీలించలేరు’ అన్న వాక్యం తప్పు, ‘మౌఖిక విచారణ హక్కు ఉంది’ అన్నదీ తప్పు.

1998లో స్వరణ్ సింగ్ కేసులో ఉత్తరప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన రెమిషన్ కొట్టివేశారు. ఖైదీ మాజీ ఎమ్మెల్యే. ఆయన మీద వేరే క్రిమినల్ కేసులున్న సంగతి, జైలు అధికారుల ప్రతికూల నివేదిక గవర్నర్ ముందుకు రానేలేదు. దాచిన ఫైలు మీద పెట్టిన సంతకం చెల్లదు.

ఇక ఏపూరు సుధాకర్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2006 అక్టోబరు. మెయిన్స్‌కు ఈ ఒక్క కేసు పూర్తిగా చదివితే చాలనిపిస్తుంది నాకు. కర్నూలు జిల్లాకు చెందిన ఒక కాంగ్రెస్ నాయకుడికి ఇద్దరి హత్యకు సంబంధించిన కేసులో శిక్ష పడింది. 2005 ఆగస్టులో అప్పటి గవర్నర్ సుశీల్‌కుమార్ షిండే ఆయన మిగిలిన శిక్షను రద్దు చేశారు. హతుడి కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. రెమిషన్‌కు ఆధారంగా వచ్చిన నివేదికలు చూసి కోర్టు నిర్ఘాంతపోయింది: ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అని, రాజకీయ కుట్ర వల్లే శిక్ష పడిందని ఒక అధికారి రాశాడు. శిక్ష తగ్గించడానికి పార్టీ విధేయత కారణం అవుతుందా? జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా ఆ ఉత్తర్వును కొట్టేసి, అర్జీని మళ్లీ మొదటి నుంచి పరిశీలించుకోవచ్చన్నారు. కులం, మతం, రాజకీయ విధేయత నిషిద్ధ కారణాలని జస్టిస్ కపాడియా విడిగా రాశారు.

ఈ తీర్పులో న్యాయసమీక్షకు ఐదు ఆధారాలు చెప్పారు. బుద్ధి పెట్టకుండా ఇచ్చిన ఉత్తర్వు, దురుద్దేశంతో ఇచ్చినది, సంబంధం లేని కారణాల మీద ఇచ్చినది, సంబంధమున్న సమాచారాన్ని పక్కనపెట్టి ఇచ్చినది, ఏకపక్షంగా ఇచ్చినది. వీటిని అంకెలతో బట్టీ పట్టకండి. ఒక ఫైలు ఊహించుకోండి: అది చదవలేదు, చదివినా మనసులో వేరే ఉద్దేశం ఉంది, ఫైల్లో పనికిరాని కాగితం ఉంది, పనికొచ్చే కాగితం లేదు, చివరికి సంతకం ఇష్టారాజ్యంగా పడింది. ఫైలు ప్రయాణంలా గుర్తుంటే ఐదూ వాటంతటవే వస్తాయి. గమనించాల్సింది ఇంకోటి: కోర్టు ఇక్కడ క్షమాభిక్ష ఇవ్వాలా వద్దా అని చూడదు, ఆ నిర్ణయానికి వచ్చిన తీరు చూస్తుంది. అందుకే ఉత్తర్వు కొట్టేశాక ఫైలు వెనక్కి వెళ్తుంది.

జాప్యం భాగం త్వరగా. 1983లో వతీశ్వరన్ కేసులో రెండేళ్లు దాటితే మరణశిక్ష మార్చాలన్నారు, అదే ఏడు షేర్ సింగ్ కేసులో ఆ గీత ఒప్పుకోలేదు, 1989 త్రివేణీబెన్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు నిర్ణీత గడువు లేదని తేల్చారు. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో 15 మంది మరణశిక్షలు యావజ్జీవాలయ్యాయి. అర్జీ పరిష్కారంలో అకారణ జాప్యం, మానసిక అనారోగ్యం, ఏకాంత నిర్బంధం లాంటివి శిక్ష మార్పుకు కారణాలు. తిరస్కరణ తెలిపిన రోజుకూ ఉరికీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలి. ఉగ్రవాద కేసుల్లో జాప్యం వర్తించదన్న 2013 భుల్లర్ తీర్పు చెల్లదని కూడా ఇందులోనే అన్నారు. తాజాదనం కోసం 2024 డిసెంబరు నాటి కొకాడే కేసు కలపండి: ఉరి అమలులో జాప్యం వల్ల 35 ఏళ్ల జైలుగా మారింది, అర్జీల కోసం రాష్ట్రాల హోం శాఖల్లో ప్రత్యేక విభాగం పెట్టమన్నారు.

ఇప్పుడు అందరూ కొత్తగా చేర్చుకోవాల్సింది బీఎన్ఎస్ఎస్ 472. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. మరణశిక్ష ఖైదీ అర్జీకి తొలిసారి చట్టంలో గడువులు వచ్చాయి. సుప్రీంకోర్టులో అప్పీలు, రివ్యూ లేదా స్పెషల్ లీవ్ కొట్టేసిన సంగతి జైలు సూపరింటెండెంట్ తెలిపిన తేదీ నుంచి 30 రోజుల్లో ఖైదీ గానీ, వారసుడు గానీ, బంధువు గానీ అర్జీ పెట్టాలి. మొదట గవర్నర్‌కు. అక్కడ తిరస్కరిస్తే 60 రోజుల్లో రాష్ట్రపతికి. రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం, జైలు రికార్డులు అందాక కేంద్రం 60 రోజుల్లో రాష్ట్రపతికి సిఫార్సు చేయాలి. రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక 48 గంటల్లో రాష్ట్ర హోం శాఖకు, సూపరింటెండెంట్‌కు తెలియజేయాలి. 30, 60, 60, 48. మరి రాష్ట్రపతి ఎన్ని రోజుల్లో తేల్చాలి? గడువు లేదు. ప్రశ్న తయారుచేసేవాడికి ఇదే ఇష్టమైన చోటు.

ఒకే కేసులో ఒకరికంటే ఎక్కువమంది ఉంటే అందరి అర్జీలూ కలిపి తేల్చాలని ఇదే సెక్షన్ అంటుంది. ఎందుకీ నియమమో తెలిస్తే మర్చిపోరు: నిర్భయ కేసులో నలుగురూ ఒకరి తర్వాత ఒకరు అర్జీలు పెడుతూ పోతే ఉరి తేదీలు పదేపదే వాయిదా పడి, చివరికి 2020 మార్చి 20న అమలైంది.

472(7) దగ్గర జాగ్రత్త. రాష్ట్రపతి, గవర్నర్ ఉత్తర్వుపై అప్పీలు లేదని, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారన్నది ఏ కోర్టూ విచారించరాదని అది చెబుతుంది. అంటే ఏపూరు సుధాకర్ పోయినట్టేనా? కాదు. ఆ సమీక్ష ఆర్టికల్ 32, 226 (సుప్రీంకోర్టు, హైకోర్టుల రిట్ అధికారాలు) కింద నడుస్తుంది. న్యాయసమీక్ష రాజ్యాంగ మౌలిక నిర్మాణంలో భాగం, మామూలు చట్టంతో దాన్ని ఆపలేరు. ఈ వైరుధ్యాన్ని నాలుగు వాక్యాల్లో పెట్టగలిగితే ‘విమర్శనాత్మకంగా చర్చించండి’ అన్న మాటకు జవాబు దొరికినట్టే.

జవాబు రాసే పద్ధతి గురించి. పది మార్కుల ప్రశ్నలో ఐదు నిర్వచనాలకు రెండు వాక్యాలు మించి ఖర్చు పెట్టకండి. మొదటి పేరాలో 72 పరిధి, 73తో ముడి. రెండో పేరాలో సలహా, పేరరివాళన్. మూడోదానిలో న్యాయసమీక్ష: కేహర్ సింగ్ ఒక వాక్యం, ఏపూరు సుధాకర్ రెండు. చివర 472. కేసు పేరు గుర్తురాకపోతే సంవత్సరం ఊహించి రాయకండి, ‘ఆంధ్రప్రదేశ్ గవర్నర్ రెమిషన్ కేసు’ అన్నా ఎగ్జామినర్‌కు అర్థమవుతుంది. తప్పు సంవత్సరం మాత్రం మిగతా జవాబు మీద కూడా అనుమానం తెస్తుంది. అమెరికాతో పోలిక అడిగితే ఒక్క తేడా చాలు: మన 72 ‘దోషిగా తేలిన’ వ్యక్తికే. అక్కడ అభియోగం నమోదు కాకముందే ఇవ్వవచ్చు, 1974లో అధ్యక్షుడు ఫోర్డ్ మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కు ఇచ్చింది అలాంటిదే. అక్కడ అభిశంసన కేసులు, రాష్ట్ర చట్టాల నేరాలు అధ్యక్షుడి పరిధిలో లేవు.

కొంతమంది అంటారు, ఒక్క టాపిక్‌కి ఇంత లోతు ఎందుకు, సిలబస్ సముద్రం కదా అని. నా సమాధానం ఒకటే. 73, 74, 142, 161, 163, 32, న్యాయసమీక్ష, సమాఖ్య సంబంధాలు, ప్రజాప్రాతినిధ్య చట్టం ఇన్నీ ఈ ఒక్క టాపిక్‌లో రివిజన్ అయిపోతున్నాయి. ఇది సమయం వృథా అని ఎవరైనా అంటే, రోజుకో కొత్త పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఒక్కటీ ముగించకుండా తిరగడం ఏమిటో చెప్పమనండి. రాజ్యాంగం పాఠాన్ని పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదివే ఓపిక లేనివాళ్లు సివిల్ సర్వీసులో ఫైలు చదవగలరా? ఏపూరు సుధాకర్ కేసులో కోర్టు పట్టుకున్న తప్పు అదే కదా, ఫైలు సరిగా చదవకపోవడం. సరే, ఎక్కువ చెప్పాను, వదిలేయండి.

మరో రెండు ఉచ్చులున్నాయి, పరీక్షకు ముందు ఒకసారి చూసుకోండి. అప్రూవర్‌గా మారిన నిందితుడికి కోర్టు ఇచ్చే క్షమాపణ బీఎన్ఎస్ఎస్ 343 కింద, పాత సీఆర్‌పీసీ 306. నేరం గురించి తెలిసిందంతా నిజంగా చెప్పాలన్న షరతుతో మేజిస్ట్రేటు ఇచ్చేది, దానికీ 72కీ సంబంధం లేదు. రెండోది బిల్కిస్ బానో కేసు, 2002 గుజరాత్ అల్లర్లలో జరిగిన సామూహిక అత్యాచారం, హత్యలకు సంబంధించింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వ రెమిషన్‌ను కొట్టేసింది. అక్కడ వాడింది 161 కాదు, సీఆర్‌పీసీ 432. విచారణ జరిగి శిక్ష పడింది మహారాష్ట్రలో కాబట్టి 432(7) ప్రకారం తగిన ప్రభుత్వం మహారాష్ట్రదే, నేరం జరిగిన గుజరాత్‌ది కాదు. ‘క్షమాభిక్షపై ఇటీవలి తీర్పులు’ అన్న ప్రశ్నలో దీన్ని రాయండి, కానీ గవర్నర్ అధికారం అనే శీర్షిక కింద మాత్రం పెట్టకండి.